‘ఎందుకు?’ అని అడగడం నేర్చుకున్న మనిషి

క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కి తయారవుతున్న మీలో చాలామందికి ఈ ప్రశ్నలు ఎదురయ్యే ఉంటాయి. కొత్తవాళ్లతో మాట్లాడడం మీకు ఇష్టమా? పని మొదలుపెట్టే ముందు ప్లాన్ వేసుకుంటారా? ఎవరైనా తప్పు పడితే అది ఎంతసేపు మనసులో ఉంటుంది? అవును, కాదు, కొంచెం... ఇలా నొక్కుకుంటూ పోతే చివర్లో మీరెవరో ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఇంట్రోవర్ట్ అనో, లీడర్ అనో, టీమ్‌కి పనికిరాడనో.

నా సంగతి చెబుతాను. మాది కొల్లూరు. ఇంజినీరింగ్ అయిన ఏడాది ఒక కంపెనీలో రెండు రౌండ్లు దాటాక ఇలాంటి టెస్ట్ దగ్గరే ఆగిపోయాను. నలుగురితో కలిసి పనిచేసే స్వభావం తక్కువ అని రిపోర్టులో ఉంది. ఇంటికొచ్చేసరికి కళ్లంలో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. అక్కడే కూర్చున్న మా పెదనాన్న నా మొహం చూసి, సంగతి విని, వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే, నలుగురిలో కలవడు అని తేల్చేశాడు. బెంగళూరులో ఉన్న కంప్యూటరూ, కొల్లూరులో ఉన్న పెదనాన్నా ఒకే మాట చెబితే నమ్మక ఏం చేస్తాం? నమ్మాను. ఆ తర్వాత ఆరు నెలల్లో మూడు గ్రూప్ డిస్కషన్లకి పిలుపొస్తే ఒక్కదానికీ వెళ్లలేదు.

ఆ రోజుల్లోనే పోటీ పరీక్షల పుస్తకాల కోసం బస్సెక్కి తెనాలి వెళ్తూ ఉండేవాణ్ని. అలా వెళ్లినప్పుడు ఒకసారి ‘అసమర్థుని జీవయాత్ర’ అనే నవల కంటపడింది. పేరు చూసి ఇది నా గురించే అనుకుని కొన్నాను. అది నా గురించి కాదు. కానీ మనిషి స్వభావాన్ని ఎలా చూడాలో ఆ పుస్తకం, దాన్ని రాసిన మనిషి జీవితం నాకు నేర్పినంతగా ఏ టెస్టూ నేర్పలేదు. ఆయన పేరు త్రిపురనేని గోపీచంద్. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల రాసినవారిగా సాహిత్య చరిత్రలో ఆయనకు చోటుంది. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆయన కథ ఒకసారి చదవండి.

ప్రశ్నలు అడగనిచ్చిన ఇల్లు

గోపీచంద్ 1910 సెప్టెంబర్ 8న కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. జనం ఆయన్ని కవిరాజు అని పిలుచుకున్నారు. అంగలూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఐర్లండ్‌లోని డబ్లిన్ దాకా వెళ్లి బారిస్టర్ చదివొచ్చిన మనిషి ఆయన. తిరిగొచ్చాక కొంతకాలానికి తెనాలిలో స్థిరపడ్డారు. అక్కడ ఆయన ఇంటి పేరు సూతాశ్రమం.

ఆ ఇల్లు ఎలాంటిదో ఊహించుకోండి. పురాణాల్లో రాసింది ఎందుకు నమ్మాలి అని ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ రాసిన మనిషి ఇల్లది. అర్థం కాని మంత్రాలతో పెళ్లిళ్లు ఎందుకు అని, అందరికీ అర్థమయ్యే తెలుగులో వివాహవిధి తయారుచేసి, తానే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారాయన. తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు గంగానమ్మ కొలుపుల్లో జంతుబలిని ఆపించారు. ఊరంతా ఏళ్ల తరబడి చేస్తున్న పనిని పట్టుకుని ఎందుకు అని అడగడానికి ఎంత ధైర్యం కావాలో, పల్లెటూళ్లో పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాంటి తండ్రి దగ్గర పెరిగిన పిల్లాడికి ఆస్తిగా ఏం వస్తుంది? గోపీచంద్‌కి వచ్చింది ఆ ప్రశ్నే. పెద్దయ్యాక ‘అసమర్థుని జీవయాత్ర’ని ఆయన తండ్రికే అంకితం ఇచ్చారు. ఎందుకు అని అడగడం నేర్పినందుకు అన్నది ఆ అంకితంలోని సారం. చదువు చెప్పించినందుకు కాదు, పేరు ఇచ్చినందుకు కాదు. గమనించండి.

ఒక విషయం మాత్రం మర్చిపోకూడదు. పెద్ద పేరున్న తండ్రికి కొడుకుగా పుట్టడం సుఖమే కాదు, బరువు కూడా. మీ ఊళ్లో కూడా చూసి ఉంటారు. ఫలానా వాళ్లబ్బాయి అనే మాటతోనే ఆ అబ్బాయి బతుకంతా కొలుస్తారు. వంశం పేరు మనిషిని ఏం చేస్తుంది అన్న ఆలోచన గోపీచంద్ రాసిన నవలలో ఎంత లోతుగా ఉందో తర్వాత చూద్దాం.

వేసుకుని విప్పేసిన నల్లకోటు

గోపీచంద్ బి.ఏ. తర్వాత లా చదివారు. కొంతకాలం ప్రాక్టీసు కూడా చేశారు. తండ్రి బారిస్టర్, తెనాలిలో పేరుంది, క్లయింట్లకి కొదవుండదు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే సెటిలైపోయిన కెరీర్. కానీ ఆ వృత్తి ఆయనకి తృప్తి ఇవ్వలేదు. వదిలేశారు.

ఆ రోజుల్లో చదువుకున్న కుర్రాళ్లందరినీ కదిలించిన ప్రశ్న సమాజం ఎందుకు ఇలా ఉంది అన్నది. గోపీచంద్‌ని మొదట కమ్యూనిజం ఆకర్షించింది. అందులో ఆయనకు కొన్ని నచ్చలేదు. తర్వాత ఎం.ఎన్. రాయ్ ఆలోచనల వైపు వెళ్లారు. ఎం.ఎన్. రాయ్ అంటే లెనిన్ కాలంలో కమ్యూనిస్ట్ ఇంటర్నేషనల్‌లో పెద్ద నాయకుడిగా ఉండి, ఆ తర్వాత దాన్నుంచి బయటికొచ్చి, వ్యక్తి స్వేచ్ఛే అన్నిటికీ కొలమానం అనే మానవవాదానికి చేరిన మనిషి. 1940లో ఆయన రాడికల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. తెనాలి ప్రాంతంలో దానికి మంచి పట్టుండేది. ఆంధ్రలో ఆ పార్టీకి గోపీచంద్ కార్యదర్శిగా పనిచేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. లాయరు, మానేశాడు. ఒక పార్టీ ఆలోచన, మార్చుకున్నాడు. ఇలాంటి రెజ్యూమె ఇవాళ హెచ్ఆర్ టేబుల్ మీదికొస్తే ఏమంటారు? నిలకడలేని మనిషి అంటారు. మా పెదనాన్నయితే ఇంకో మాట అంటాడు, అది పేపర్లో రాయలేను. ఇంకా ఆగండి, లిస్టు పూర్తి కాలేదు.

సినిమాల్లో పుష్కరం

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’తో గోపీచంద్ సినిమా రంగంలో అడుగుపెట్టారు. జమీందారీ పెత్తనం మీద తిరగబడ్డ రైతు కథ అది. జమీందార్లకి కోపం తెప్పించిన సినిమా. 1946లో ఎల్.వి. ప్రసాద్ దర్శకుడిగా వచ్చిన ‘గృహప్రవేశం’కి రచయిత గోపీచందే. తర్వాత తానే మెగాఫోన్ పట్టుకుని ‘లక్ష్మమ్మ’ (1950), ‘పేరంటాలు’ (1951), ‘ప్రియురాలు’ (1952) సినిమాలకు దర్శకత్వం వహించారు. ‘లక్ష్మమ్మ’ వచ్చిన ఏడాదే, అదే కథతో ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ అని ఇంకో సినిమా కూడా పోటీగా వచ్చింది.

స్క్రిప్టు రాసేవాళ్లకి తెలుసు. ఒక పాత్ర ఒక పని చేసిందంటే, ఎందుకు చేసిందో రచయితకి తెలిసి ఉండాలి. తెరమీద మనిషి ఊరికే కోప్పడితే ప్రేక్షకుడు ఒప్పుకోడు. వాడి వెనకాల ఏదో ఉండాలి. గోపీచంద్‌కి ఇంట్లో అలవాటైన ప్రశ్న ఇక్కడ రోజువారీ పనైపోయింది. ఊళ్లోనో, ఆఫీసులోనో ఎవరైనా మనల్ని విసుక్కుంటే మాత్రం మనం ఆ ప్రశ్న అడగం. వాడంతే అనుకుని వదిలేస్తాం.

సీతారామారావు అనే మనిషి

సినిమాలూ పార్టీ పనులూ నడుస్తున్న ఆ 1940ల మధ్యకాలంలోనే ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. చిన్న పుస్తకం. ఒక రాత్రిలో చదివేయొచ్చు. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కథ ఇది. సీతారామారావు బాగా పేరున్న కుటుంబంలో పుట్టాడు. వంశం పేరు నిలబెట్టమన్నది తండ్రి చివరి కోరిక. ఆ మాట అతని నెత్తిన కూర్చుంటుంది. అందరి చేతా గొప్పవాడు, మంచివాడు అనిపించుకోవాలి. ఆ గొప్ప కోసమే ఆస్తి కరిగిపోతుంది. డబ్బు పోయాక ఉద్యోగం చేయాల్సి వస్తుంది. అంత పెద్ద ఇంటి వాడు ఒకరి కింద ఎలా పనిచేస్తాడు? నిలవలేడు. బయట చూపలేని కోపం భార్య మీద, చిన్నపిల్ల మీద చూపిస్తాడు. ప్రతి ఓటమికీ ఒక సిద్ధాంతం చెబుతాడు. సమాజం తప్పంటాడు, బంధువులు తప్పంటాడు, చివరికి జీవితమే అర్థం లేనిదంటాడు. కథ శ్మశానంలో, అతని చావుతో ముగుస్తుంది.

ఊళ్లో అయితే అతనికి ఒక్క మాట చాలు. పనికిమాలినవాడు. గోపీచంద్ కూడా పుస్తకానికి అసమర్థుడు అనే పేరే పెట్టారు. కానీ లోపల నూట యాభై పేజీల పాటు చేసిందంతా ఆ పేరు వెనకాల ఉన్న కారణాలు ఒక్కొక్కటీ బయటికి తీయడమే. ఇతను గొప్పలకి పోవడానికి కారణం గర్వం కాదు, తండ్రి అంత కాలేనేమో అన్న భయం. ఉద్యోగం వదిలేయడానికి కారణం బద్ధకం కాదు, ఎవరైనా తన లోపాన్ని చూస్తారేమో అన్న దిగులు. తర్కం బాగా తెలిసినవాడు కాబట్టే తనని తాను అంత బాగా మోసం చేసుకోగలిగాడు. అదే కథలో రామయ్య తాత ఉంటాడు. పెద్ద చదువుల్లేవు, పని చేసుకుంటూ బతికే మనిషి. సీతారామారావుకి చేతకానిది ఆయన రోజూ చేస్తుంటాడు. అంటే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం.

రచయిత ఇక్కడ ఎవరి పక్షమూ తీసుకోరు. సీతారామారావుని క్షమించరు, భార్యని కొట్టిన చెయ్యిని సమర్థించరు. కారణం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. కానీ కారణం తెలిస్తే ఎక్కడ మార్చుకోవాలో తెలుస్తుంది. సీతారామారావు తన గురించి తాను ఈ ప్రశ్న చివరిదాకా నిజాయితీగా వేసుకోలేదు. అదే అతని విషాదం.

అదే సమయంలో ప్రపంచంలో

గోపీచంద్ తెనాలిలో, మద్రాసులో ఇలా ఆలోచిస్తున్న రోజుల్లోనే పాశ్చాత్య దేశాల్లో వ్యక్తిత్వ మనస్తత్వశాస్త్రం ఒక సబ్జెక్టుగా నిలబడుతోంది. వియన్నా డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, 1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయి, సొంత సిద్ధాంతం తయారుచేశారు. ప్రతి మనిషిలోనూ తాను తక్కువ అనే భావన ఎక్కడో ఉంటుందనీ, దాన్ని దాటడానికి చేసే ప్రయత్నమే అతని స్వభావాన్ని మలుస్తుందనీ, ఆ ప్రయత్నం దారి తప్పితే అది పైకి గొప్పతనం నటించడంగా కనిపిస్తుందనీ ఆయన చెప్పారు. ఇప్పుడు సీతారామారావుని మళ్లీ తలుచుకోండి.

అమెరికాలో హార్వర్డ్ ప్రొఫెసర్ గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్‌తో కలిసి 1936లో ఒక విచిత్రమైన పని చేశారు. ఇంగ్లిష్ డిక్షనరీ ముందేసుకుని, మనిషి స్వభావాన్ని చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి! మన తెలుగులో కూర్చుని ఏరినా తక్కువేం రావు. మెతక, మొండి, జగమొండి, పెంకి, గుంభన, నోటిదురుసు, నెమ్మదస్తుడు, పిసినారి, దుబారా మనిషి... మా ఊరి రచ్చబండ మీద ఒక్క సాయంత్రం కూర్చుంటే సగం జాబితా పూర్తవుతుంది. ఆ ఇంగ్లిష్ మాటల్ని తర్వాతి పరిశోధకులు గుంపులు చేసుకుంటూ పోతే చివరికి ఐదు పెద్ద గుణాలు మిగిలాయి. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో బాధ్యత, నలుగురితో కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, తొందరగా కలత చెందడం. వీటినే ఇప్పుడు బిగ్ ఫైవ్ అంటున్నాం. కంపెనీల టెస్టుల్లో చాలావాటికి పునాది ఇదే. ఇది ఉత్తుత్తి లెక్కేం కాదు. ఈ ఐదింటిలో పని పట్ల బాధ్యతకి, ఉద్యోగంలో పనితీరుకి సంబంధం ఉందని 1991లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన అనేక రకాల ఉద్యోగాలు కలిపి చూసి చెప్పింది.

కానీ ఆ 18,000 మాటలు ఏరిన ఆల్‌పోర్టే ఇంకో సంగతి కూడా పట్టుబట్టి చెప్పారు. గుణాల కొలత ఒకటి, ఒక మనిషిని అర్థం చేసుకోవడం ఇంకొకటి. రెండోదానికి ఆ మనిషి జీవితమంతా చూడాలి. ఉత్తరాలు, డైరీలు లాంటివి మనస్తత్వశాస్త్రానికి ఎలా పనికొస్తాయో 1942లో ఆయన ఒక పుస్తకమే రాశారు. తెలుగులో గోపీచంద్ తన ఆలోచనల్ని ‘పోస్టు చేయని ఉత్తరాలు’ పేరుతో రాసుకున్నారు. ఎవరికీ పంపాల్సిన పనిలేని ఉత్తరంలో మనిషి కొంచెం తక్కువ అబద్ధాలు చెబుతాడు.

ఇక 1968లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త ఈ రంగాన్నే కుదిపేశారు. ఒక మనిషి అన్ని చోట్లా ఒకేలా ఉంటాడని మనం అనుకుంటాం గానీ, ఆధారాలు చూస్తే అంత బలంగా లేవని వాదించారు. ఇంట్లో పులి, ఆఫీసులో పిల్లి అయ్యేవాళ్లని మనమూ చూశాం కదా. మనిషిని తెలుసుకోవాలంటే ఎలాంటివాడు అని కాకుండా, ఎలాంటి పరిస్థితిలో ఎలా ఉంటాడు అని చూడాలని ఆయన తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

మళ్లీ మారిన దారి

గోపీచంద్ దగ్గరికి వద్దాం. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన సినిమాల నుంచి ప్రభుత్వ సమాచార శాఖకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆకాశవాణిలో పనిచేశారు. లాయరు, పార్టీ కార్యదర్శి, సినిమా రచయిత, దర్శకుడు, అధికారి, రేడియో. వీటన్నిటి మధ్యా కథలు, నవలలు, వ్యాసాలు ఆగలేదు. ప్రపంచ తాత్వికులను మామూలు తెలుగు పాఠకుడికి పరిచయం చేస్తూ ‘తత్వవేత్తలు’ రాశారు. ఒక్కో తాత్వికుడూ లోకాన్ని ఎలా చూశాడో తెలుగులో అంత తేలిగ్గా చెప్పిన పుస్తకాలు అరుదు.

లోపల ఇంకో మార్పు కూడా జరిగింది. హేతువాది కొడుకు, రాయ్ శిష్యుడు, చివరి ఏళ్లలో అరవిందుల ఆలోచనల వైపు మొగ్గారు. పదార్థం ఒక్కటే మనిషిని పూర్తిగా వివరించలేదేమో అన్న అనుమానం ఆయనకొచ్చింది. ఇది ఎదుగుదలా, వెనకడుగా అని విమర్శకులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన తేల్చడం నా పని కాదు. నాకు నచ్చింది ఒకటే. తండ్రి ఇచ్చిన సమాధానాలు కూడా ఆయన తలమీద పెట్టుకుని మోయలేదు. తండ్రి ఇచ్చిన ప్రశ్నని మాత్రం వదల్లేదు. సీతారామారావు తండ్రి మాటని మోస్తూ కూలిపోయాడు. గోపీచంద్ తండ్రి నేర్పిన అలవాటుతో నడిచారు. రెండింటికీ తేడా ఉంది.

ఆ దశలో రాసిన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ ఆయన పెద్ద నవల. 1962 నవంబర్ 2న, 52 ఏళ్ల వయసులో, గోపీచంద్ కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ నవలకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి తెలుగు నవల అదే. అందుకోవడానికి ఆయన లేరు. 2011లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

ఇప్పుడు ఆ రెజ్యూమె మళ్లీ చూడండి. నిలకడలేని మనిషి అనే మాట ఇంకా సరిపోతుందా? పనులు మారాయి, చూసిన చోటు మారింది. అడిగిన ప్రశ్న మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. పైనుంచి ఉద్యోగాల జాబితా చూసినవాడికి అది కనబడదు. ఎందుకు మారాడు అని ఒక్కో మలుపు దగ్గరా ఆగి అడిగినవాడికే కనిపిస్తుంది.

మీ టేబుల్ దగ్గరికి

దీంతో మీకేం పని అంటారా? చాలా ఉంది.

నాలుగు అక్షరాల టైపు ఇచ్చే టెస్ట్ ఉంది కదా, ఎంబీటీఐ. దాన్ని తయారుచేసిన క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కాదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే టైపు వస్తుంది. ఉద్యోగాలకి మనుషుల్ని ఏరడానికి దీన్ని వాడొద్దని ఆ టెస్ట్ అమ్మేవాళ్లే చెబుతారు. కాబట్టి సరదాకి రాయండి, నుదుటి రాత అనుకోకండి. బిగ్ ఫైవ్ లాంటివి ఇంతకంటే గట్టివి. అయినా అవి మీరు ఇవాళ ఎక్కడున్నారో చెబుతాయి. ఎందుకు అక్కడున్నారో చెప్పవు.

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ పోస్టులకి వెళ్లేవాళ్లు ఎస్ఎస్‌బీ గురించి వినే ఉంటారు. అక్కడ బొమ్మ చూపించి కథ రాయమంటారు. మీ గురించి అమ్మానాన్నలు ఏమనుకుంటారు, టీచర్లు ఏమనుకుంటారు, స్నేహితులు ఏమనుకుంటారు, మీరేమనుకుంటారు అని విడివిడిగా రాయమంటారు. ఎందుకో ఆలోచించారా? ఒకే మనిషి ఇన్ని కళ్లకి ఇన్ని రకాలుగా కనిపిస్తాడని వాళ్లకి తెలుసు. ఆ నాలుగు పేరాలూ ఒకేలా రాసేవాడు తనని తాను చూసుకోలేదన్నమాట.

నేను చేసింది చెబుతాను. ఆ నవల చదివిన తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, నలుగురిలో కలవను అన్న మాట కింద, నిజంగా నోరు మూసుకున్న సందర్భాలు, నోరు విప్పిన సందర్భాలు పక్కపక్కన రాశాను. నోరు విప్పినవే ఎక్కువ తేలాయి. మా వీధి వినాయక చవితి పందిరి చందాలు మూడేళ్లు వసూలు చేసింది నేనే. ట్రాక్టర్ కిరాయి దగ్గర, డీజే కుర్రాళ్ల దగ్గర బేరమాడింది నేనే. అప్పుడు నన్ను ముందుకు తోసింది మా పెదనాన్నే! నోరు మూసుకున్నవన్నీ ఒకే రకం. ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సిన గది, తప్పు మాట్లాడితే నవ్వుతారేమో అన్న భయం. ఎందుకు అని ఇంకో మెట్టు దిగితే, ఇంటర్లో తెలుగు మీడియం నుంచి మారినప్పుడు క్లాసులో నవ్విన ఒక నవ్వు దొరికింది.

అంటే నాది స్వభావం కాదు, ఒక గదిలో పట్టుకునే భయం. స్వభావాన్ని ఆరు నెలల్లో మార్చుకోలేం. భయానికి మందుంది. ఇద్దరు ఫ్రెండ్స్‌తో రోజూ అరగంట ఇంగ్లిష్‌లో తప్పులు మాట్లాడడం మొదలుపెట్టాను. ఆ తర్వాత వచ్చిన ఇంటర్వ్యూలో నీ బలహీనత ఏంటి అని అడిగితే, నెట్‌లో దొరికే తయారు జవాబు చెప్పలేదు. ఏ పరిస్థితిలో తడబడతానో, ఎందుకో, దానికి ఏం చేస్తున్నానో చెప్పాను. ఆ ఉద్యోగం వచ్చింది. ఆ జవాబు వల్లే వచ్చిందని చెప్పను, కోడింగ్ రౌండ్ కూడా బాగానే రాశాను.

మీరూ ఒక కాగితం తీసుకోండి. మీ మీద పడిన మాట ఏదైనా సరే, బద్ధకస్తుడు, పిరికిది, కోపిష్టి, దాన్ని పైన రాయండి. కింద ఆ మాట నిజమైన సందర్భాలు మూడు, అబద్ధమైన సందర్భాలు మూడు రాయండి. ఒక్కోదాని పక్కన ఎక్కడ, ఎవరి ముందు, ఎందుకు అని రాయండి. మొదటి ‘ఎందుకు’కి వచ్చే జవాబు దగ్గర ఆగకండి. సీతారామారావు ఎప్పుడూ అక్కడే ఆగేవాడు. ఎదుటివాళ్ల తప్పు దగ్గర.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. రిజల్ట్స్ రాక, ఇంట్లో మాటలు పడలేక, బతుకు మీదే విసుగు పుట్టే రోజులు ఉద్యోగాల వేటలో వస్తాయి. అలాంటి రోజున కాగితం చాలదు, మనిషి కావాలి. ఫ్రెండ్‌కి చెప్పండి, ఇంట్లో చెప్పండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. సీతారామారావు పక్కనే రామయ్య తాత ఉన్నా ఆయన మాట చెవికెక్కించుకోలేదు. మీరు అలా చేయకండి.

మొన్న సంక్రాంతికి కొల్లూరు వెళ్లినప్పుడు మా పెదనాన్న పక్కింటి కుర్రాణ్ని చూపించి, వీడు ఎందుకూ పనికిరాడురా అన్నాడు. ఎందుకు పెదనాన్నా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. వాళ్ల నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇలా అయ్యాడురా అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ కుర్రాడి గురించి మాట్లాడుకున్నాం. పోయేటప్పుడు పెదనాన్నే వాణ్ని పిలిచి, డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నావురా అని అడిగాడు.